బాగానే ఉన్నాడని చెప్పాను

తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. ఇక ఓపిక లేక రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా భర్త మిలిటరీలో డ్రైవరు. కొండల మీదున్న పోస్టులకు లారీలో సామాను చేరవేసేవాడు. ఆయన అక్కడ మంచులో, నేనిక్కడ రెంటచింతల ఎండలో మిరప చేలో. ఆ సంవత్సరం నెల రోజుల సెలవు మీద వచ్చినప్పుడు మనిషి మనిషిలా లేడు. కళ్ళు ఎర్రగా ఉండేవి. అన్నం కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేవాడు. చేలో పురుగుమందు కొట్టే మోటారు చప్పుడుకు ఉలిక్కిపడి లేచేవాడు. మా పాప బిస్కెట్ కవరు ఊది పగలగొడితే ఒక్క అరుపు అరిచాడు. ఆ పిల్ల మళ్ళీ ఆయన ఒళ్ళోకి వెళ్ళలేదు. నిద్ర లేదు. పట్టినా కూర్చున్నచోట ఓ నిమిషం.

ఒకరోజు బండి మీద మాచర్ల వెళ్తున్నాం. రోడ్డు మధ్యలో ఆపేశాడు. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. భుజం పట్టి కుదిపితే, ఎక్కడున్నామని నన్నే అడిగాడు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నా కళ్ళతో చూశాను.

సెలవు ఇంకో పన్నెండు రోజులుందనగా ఫోన్ వచ్చింది. ఆయన పురుగుమందుల కొట్టుకు వెళ్ళాడు. నేను కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. ఫోన్ చేసినాయన వాళ్ళ యూనిట్‌లో జవాన్ల మంచిచెడ్డలు కనుక్కునే మనిషి. తెలుగువాడే.

"అమ్మా, ఇక్కడ మేం కాగితం ఇచ్చి అడిగితే అందరూ బాగున్నామనే రాస్తారు. ఇంట్లోవాళ్ళకే అసలు సంగతి తెలుస్తుంది. నిద్రపోతున్నాడా? కోపం, పరధ్యానం ఏమన్నా ఉన్నాయా?"

"ఏందండీ, ఎందుకడుగుతున్నారు?"

"వచ్చాక మళ్ళీ కొండదారిలో లారీ డ్యూటీనే. ఒంట్లో, మనసులో బాగోకపోతే సెలవు పొడిగించి డాక్టరుకు చూపిస్తాం. ఇది శిక్ష కాదమ్మా."

"అట్టాంటిదేం లేదండీ. చానా బాగున్నాడు. తింటన్నాడు, నిద్రపోతన్నాడు."

"నిజమేనా అమ్మా?"

"నా మొగుడి సంగతి నాకు తెలవదా అండీ?"

ఆయన సరేనమ్మా అని పెట్టేశాడు. ఫోన్ వచ్చిన సంగతి నా భర్తకు చెప్పలేదు.

ఎందుకలా అన్నాను? హవల్దారు ప్రమోషన్ దగ్గరలో ఉంది, ఆరోగ్యం బాగోలేదని రాస్తే అది పోతుందనుకున్నాను. మతి చెడి వచ్చాడని ఊళ్ళో అంటారనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబులివి. అబద్ధాలు కావు. కానీ వాటి కింద ఇంకోటుంది. నేను అలిసిపోయాను. చేను, పిల్ల, వీటి మీద ఆయన. ఏ చప్పుడుకు ఎలా ఉంటాడోనని గిన్నె కింద పెట్టడానికి కూడా భయపడుతూ బతకడం నావల్ల కాలేదు. సెలవు పొడిగిస్తామని ఫోన్‌లో ఆయన అన్నప్పుడు నాకు కలిగింది ధైర్యం కాదు, భయం. ఇంకో నెలా అని. వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను. కట్టుకున్నవాడు, అలాంటి స్థితిలో.

వెళ్ళాడు. నెలన్నర తర్వాత మలుపులో లారీ లోయలోకి పోయింది. పక్క సీట్లో ఉన్నాయన, వేరే రాష్ట్రంవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అక్కడికక్కడే పోయాడు. మా ఆయన తుంటి విరిగింది. విచారణలో దారి జారుడుగా ఉందని రాశారు. ఆసుపత్రిలో ఆయన నాతో ఒక్కదానితోనే అన్నాడు: మూడు రోజులుగా నిద్ర లేదని, కళ్ళు తెరిచే ఉన్నా మలుపు కనపడలేదని.

ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాం. ఒక పత్తి మిల్లు గేటు దగ్గర కూర్చుంటాడు. కుంటుతాడు. మాత్రలు వేసుకుంటే పడుకుంటాడు. చనిపోయినాయన పేరు ఇంట్లో ఎత్తడు. అప్పుడప్పుడు మాత్రం, ఎవరితోనో అన్నట్టు అంటాడు: "ఒక్కళ్ళన్నా అడిగుంటే చెప్పేసేవాణ్ణే. ఎవురూ అడగలా."

నేను లేచి లోపలికి వెళ్ళిపోతాను.

చెప్పాలా ఆయనకు? అడిగారని, ఆ జవాబు నేనిచ్చానని తెలిస్తే ఆయన బరువు సగం దిగుతుందేమో. లేదా, ఈ ఇంట్లో ఆయన నమ్ముకున్న ఒక్క మనిషీ పోతుందేమో. ఆయన కోసమే దాస్తున్నానా, నా కోసమా? ఎన్నిసార్లు అడుక్కున్నా రెండోదే నిజమనిపిస్తుంది. చనిపోయినాయన ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఏ చదువుల్లో ఉన్నారో కూడా నాకు తెలియదు. వాళ్ళను క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు, మిమ్మల్నీ అడగడం లేదు.

రాయడం అయిపోయింది. చెయ్యి లాగుతోంది. ఇన్నాళ్ళూ ఆ ఫోన్‌లో నేను చెప్పింది అబద్ధమని తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అనుకుంటూ బతికాను. ఇప్పుడు మీకూ తెలుసు. తప్పు అంతే ఉంది, కాస్త ఊపిరి మాత్రం ఆడుతోంది.