నయం కావాలని వేడుకోను

ఎండను ఇచ్చి, ఆ ఎండకు ఓర్చే కాళ్లను కూడా ఇచ్చిన శ్రీహరికి ముందుగా నమస్కారం. ఆయన చేతిలో రూపుదిద్దుకున్న ఏ ప్రాణినీ తప్పుగా పుట్టిందనే హక్కు మనకు లేదు. ఆ మాట రాస్తుంటేనే నాకు కోపం ముంచుకొస్తోంది.

మా ఊరు రాయచెర్లు దగ్గర సోలార్ ప్యానెళ్లు కడిగిన నీళ్లు వేడి మట్టి మీద పడి వాసన లేచినప్పుడల్లా రత్నక్క గుర్తుకొస్తుంది. ఈ ఉదయమూ అంతే. ఆ ప్యానెళ్ల మధ్య తారురోడ్డు మీదే ఆమె మా బడి ఆడపిల్లలకు పరుగు నేర్పింది. ఒకప్పుడు దేశం తరఫున దూరపు పరుగు తీసిన మనిషి. మాట్లాడేటప్పుడు మన ముఖం చూడదు. రోజూ అదే రాగిముద్ద, అదే పప్పు. పెళ్లికి పిలిచినా తన డబ్బా తనే తెచ్చుకుంటుంది. మెచ్చుకోలు ఊరికే రాదు. ఒకసారి పరుగు ముగించి, ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎట్ల పరిగెత్తినా అక్కా?"

"ఎడమ భుజం పైకి లేస్తాండాది. దించు."

"బాగుండాదా లేదా చెప్పక్కా!"

"దించినాక చెప్తా."

నేను ఆ సంగతి మరిచిపోయాక, అంగట్లో ఉప్పు కొంటుంటే పక్కకు వచ్చి, "ఇప్పుడు బాగుండాది" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు పతకాలూ వచ్చాయి. వాటిలో ఏదీ నన్ను అంతగా పొంగించలేదు.

అంతకు చాలా ముందు, నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఆమె మొదటి పెద్ద పతకం తెచ్చింది. ఊరు సన్మానం పెట్టింది. పూలు కట్టిన ట్రాక్టర్ మీద ఆమెను నిలబెట్టి, నాలుగు పక్కలా తప్పెట్లు మోగించారు. రత్నక్క చెవులు మూసుకుంది. వణుకుతూ ముందుకూ వెనక్కూ ఊగసాగింది. తప్పెటకు ఊగే ఆడమనిషిని చూస్తే మా వైపు అందరికీ ఒకటే తోస్తుంది.

"మారెమ్మ వచ్చినాదిరా!"

అంతే. తల మీద పసుపునీళ్లు పోశారు, చేతిలో వేపమండలు పెట్టారు.

"తల్లీ, ఈ ఏడన్నా వాన పడతాదా? చెప్పు తల్లీ!"

"ఆపండప్పా! ఆపండి!"

"అమ్మకు కోపం వచ్చినాది. ఇంగా గట్టిగా కొట్టండ్రా!"

ఆమె ట్రాక్టర్ మీది నుంచి దూకి శనగచేలకు అడ్డంపడి పరిగెత్తింది. మరునాటికి ఊరు తీర్పు మార్చింది: దేవత కాదు, ఒట్టి పొగరు. తర్వాత దేశం జట్టుకు సాధన చేయించే బెంగళూరు శిబిరంలోనూ అదే మాట. పెద్దలు వస్తే ముఖం చూడదట, నవ్వదట, క్రమశిక్షణ లేదట. గడియారం చూడకుండానే వేళకు నిద్ర లేచి, చెప్పిన దానికి అంగుళం తప్పకుండా సాధన చేసే మనిషికి క్రమశిక్షణ లేదని ఇంటికి పంపారు! అప్పుడే ఆమె మా బడిలో ఆటల టీచరుగా చేరింది.

ముప్పై దాటాక, బెంగళూరులో ఒక డాక్టరమ్మ ఆమెకున్నది ఆటిజమని, అది రోగం కాదు, పుట్టుకతో వచ్చిన తీరు అని తేల్చింది. తిరిగొచ్చిన సాయంత్రం ఆ తారురోడ్డు మీదే పిల్లలకూ, బడి ముగించినా ఆమె దగ్గరే సాధన చేస్తున్న నాకూ చెప్పింది.

"ఇన్నేండ్లు నన్ను తిట్టిన తిట్లకంతా ఒక పేరు ఉండాదంటమ్మే. ఆటిజం."

"మందు ఇచ్చినారా అక్కా?"

"దేనికి?" అని నవ్వింది. ఆమె అంత తేలికగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

దాచడం తెలియని మనిషి, బడిలోనూ అదే చెప్పింది. బడి కమిటీ పెద్ద సుబ్బరాయప్ప మామే మా భజన మండలికీ పెద్ద. నాకు తాళం పట్టడం, పురాణం చదవడం నేర్పింది ఆయనే. శనివారం గుళ్లో భజన మధ్యలో ఆయన లేచి నిలబడ్డాడు.

"రత్నమ్మకు తలలో ఏదో రోగమంట. నయమయ్యేదాకా పిల్లల దగ్గరికి రావద్దని చెప్పినాం. అందరమూ ఆయమ్మ కోసం స్వామిని వేడుకుందాం."

రత్నక్క గెలిపించిన పిల్లల పక్కన ప్రతిసారీ నిలబడి ఫోటో దిగినవాడు ఆయనే. నేను తాళాలు కింద పెట్టాను.

"ఏమని వేడుకోవాల మామా?"

"నయం కావాలని."

"నరసింహస్వామి మనిషీ కాదు, మృగమూ కాదు అని నాకు చెప్పింది నువ్వే కదా? ఆయప్పకు గూడా నయం కావాలని వేడుకుందామా?"

"గుళ్లో ఎదురు మాట్లాడతావామ్మే!"

"ఈడ గాక ఇంగ యాడ మాట్లాడాల?"

నేను లేచి వచ్చేశాను. నా వెంట ఒక్కరూ లేవలేదు. రత్నక్క ఉద్యోగం పోయింది. భజనలో జరిగింది చెప్పడానికి వెళితే ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "జిల్లా పోటీలకు పిల్లల్ని ఎవరు తీసుకపోతారు?"

"నేను తీసుకపోతానక్కా" అన్నాను. ఆమె అనంతపురం వైపు ఒక బడిలో చేరింది. పిల్లలు నా దగ్గరే మిగిలారు. కొత్తగా వచ్చిన ఏ పిల్ల అయినా మాట్లాడకపోతే, ముఖం తిప్పుకుంటే, ఆ పిల్లకు నేను పేరు పెట్టను. ఆ పని చేయడానికి ఊళ్లో చాలామంది ఉన్నారు. నేను ఆగుతాను, ఆ పిల్ల తీరు నేర్చుకుంటాను.

ఇది చదివిన మీరు ఏ స్వామిని కొలిచినా సరే, ఒక్కసారి నాతో కలిసి చేతులు జోడించండి. స్వామీ, ఆమెను మార్చవద్దు. ఆమెను వెళ్లగొట్టిన వాళ్లే వెళ్లి, ఆమెను తిరిగి పిలిచేలా చెయ్యి. అంతవరకు నా కోపాన్ని చల్లార్చకు.