జ్వరంలో పలికిన పేర్లు

చైతన్యపురిలోని ఒక కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఫిజిక్స్ చెబుతాను. మా విద్యార్థిని మేరీ హాస్టల్‌లో జ్వరంతో పడిపోయిందని తెలిసి ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆసుపత్రికి వెళ్లాను. స్పృహ సరిగా లేదు. "ఫోర్స్‌కి న్యూటన్, ప్రెజర్‌కి పాస్కల్..." అని గొణుగుతూనే ఉంది.

ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"సార్, గీ న్యూటన్, పాస్కల్ ఎవరు? పొద్దుగాల్నుంచి గాళ్లనే పిలుస్తున్నది. జర ఫోన్ చెయ్యుండ్రి, ఒచ్చి సూసిపోతరు."

"వాళ్లు సైంటిస్టులమ్మా. ఎప్పుడో చనిపోయారు. కొలతలకు వాళ్ల పేర్లు పెట్టారు."

ఆమె ముఖం పాలిపోయింది. "సచ్చినోళ్లనా సార్, నా బిడ్డ పిలిసేది?" అంటూ మంచం పక్కనే మోకరిల్లి ప్రార్థన మొదలుపెట్టింది.

ఇన్ఫెక్షన్ మెదడుకు పాకిందట, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. నేను బయటికి రాగానే ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోన్: మేరీ ఆదివారం పరీక్ష రాస్తుందా అని.

ఆ తల్లికి మీరైతే ఏం చెప్పేవారు?