ఊపిరమ్మ చీర

నా చిన్నప్పుడు మా ఇంటి కిటికీకి రోజూ ఒక తడి తెల్లగుడ్డ వేలాడేది. దక్షిణాఫ్రికాలో, డర్బన్ నగరానికి దక్షిణాన, చమురు ఫ్యాక్టరీ పొగగొట్టాల పక్కనే మా పేట. ఆ గుడ్డ ఊపిరమ్మ చీర అని మా అవ్వ చెప్పేది. ఊపిరమ్మ ఏ గుడిలోనూ లేదు. నా దగ్గు కోసం అవ్వ కల్పించిన దేవత ఆమె. చెరకు తోటల పనికి మనవాళ్లు ఇండియా నుంచి ఓడలో వస్తుంటే, ఒక పసిపిల్ల ఆయాసం చూడలేక ఊపిరమ్మ దాని గుండెల మీద చెయ్యి వేసి కూర్చుందట. అలాగే పిల్లతోపాటు ఈ ఒడ్డున దిగిందట. ఆమె చేతిలో కత్తీ లేదు, శూలమూ లేదు. కోపం అసలే రాదు. పొగ పిల్లల ఛాతీలోకి పోకుండా తన చీరకు పట్టించుకుంటుంది, అంతే. సాయంత్రానికి గుడ్డ నల్లబడేది. దాన్ని ఉతికే పని నాది. దేవత చీర ఉతుకుతున్నానని ఎంత గర్వపడేదాన్నో.

నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మనవాళ్లు అందరూ కలిసి మొదటిసారి ఓటు వేయబోతున్న ఏడాది అది. ఫ్యాక్టరీ మనిషి ఒకాయన మా బడికి వచ్చాడు. కొత్త దేశంలో ఇక మనమంతా ఇరుగుపొరుగులమని చెప్పి, తలా ఒక బెలూన్ పంచి ఊదమన్నాడు. మా తరగతిలో సగం మందికి చేతకాలేదు. ఊదబోతే దగ్గు. నాకైతే కళ్లు బైర్లు కమ్మాయి. ఆయన నవ్వి, బద్ధకం వద్దు, గట్టిగా ఊదండి అన్నాడు. మా ఊపిరి తిన్నవాళ్లే వచ్చి మమ్మల్ని ఊపిరి అడిగారు. పైగా టీచరు మా చేత ఆయనకు చప్పట్లు కొట్టించింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి కిటికీ గుడ్డ పీకి నేలకేసి కొట్టాను. నీ ఊపిరమ్మ ఎందుకూ పనికిరాదు, రోజూ మసి పూయించుకుంటుంది, ఒక్క మాటా అనదు అని సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో అరిచాను. దేవత చీరను నేలకేసి కొట్టినందుకు అవ్వ వీపు వాయగొడుతుందనుకున్నాను. ఆమె గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, నేను అలిసేదాకా ఆగింది.

"హైబో!" అంది, ఇక్కడి జులూవాళ్లు అబ్బో అన్నట్టు. "ఎంత అరుపు అరిచావే. మధ్యలో దగ్గొచ్చిందా?"

రాలేదు.

"అమ్మకి తిట్టను రాదు. ఊపిరి ఇయ్యడమే వచ్చు. తిట్టేది మన పని. నీకెప్పుడు కోపమొస్తదా అని చూస్తన్నా."

ఆ రోజు నన్ను గుడ్డ ఉతకనివ్వలేదు. నేను ఊదలేక ఇంటికి తెచ్చిన బెలూన్‌ను దాని అంచుకు ముడివేసి, రోడ్డువైపు ఫెన్సుకు కట్టింది. అది చూసి పక్కింటి అక్క కూడా మసిపట్టిన తన కర్టెన్ తెచ్చి కట్టింది. తర్వాత ఒకరోజు ఆ ఫ్యాక్టరీ మనిషి మా వీధిలో పోతూ, వాటిని చూసి కారు అద్దం ఎత్తుకున్నాడు. మా గాలి ఆయనకు పడలేదు కాబోలు.

పొగ ఆగలేదు. అవ్వ దగ్గి దగ్గి పోయింది. ఇప్పుడు ఫ్యాక్టరీ పొగ గురించి జరిగే మీటింగుల్లో నేను లేచి నిలబడితే, కాస్త నెమ్మదిగా మాట్లాడమ్మా అంటారు పెద్దమనుషులు. అప్పుడు నా గుండెల మీద ఒక మెత్తని చెయ్యి ఆనినట్టుంటుంది. ఊపిరి నిండా పీల్చుకుని, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.