లెక్కలోకి రాని మూడు తీగలు

లెక్కల మేస్త్రి చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకే. అయితేనేం, రెండు సినిమా హాళ్లకూ, ఒక ఐసు ఫ్యాక్టరీకీ, పదకొండు మేడలకూ కరెంటు పని చేసిన చేతులవి. ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన వేసిన పైపును మళ్లీ విప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఇంజనీరు కాగితం మీద కూడేలోపు ఆయన నోటిలెక్కతోనే తేల్చేసేవాడు.

ప్రసూతి ఆసుపత్రి పనీ అలాగే చేశాడు. లావు కేబులు మూల తిరగదని మూడు ఫేజుల్లో ఒక్కోదానికీ మూడేసి తీగలు జోడించి, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రలుకు మరో మూడు కలిపి, పన్నెండింటినీ ఒకే పైపులో లాగాడు. విడిగా ఉంటే ఒక్కో తీగ వంద ఆంపియర్లు మోస్తుంది. ఇరుకులో ఒకదాని వేడి మరొకదానికి తగులుతుంది గనక ఒక్కో తీగ మీద బరువు తగ్గించాలి: తొమ్మిది తీగలైతే డెబ్బై, పన్నెండైతే యాభై. మూడు ఫేజుల వాడకం సమంగా ఉంటే న్యూట్రలు ఖాళీగానే ఉంటుందిలే అని ఆయన తొమ్మిదికే లెక్క కట్టాడు. ఫేజుకు రెండువందల పది. వాడకం నూట ఎనభై. ఇంకా ముప్పై మిగులని నలుగురిలో చెప్పుకున్నాడు కూడా.

ఆయన చెల్లెలు అక్కడే ఆయా. ఒక మధ్యాహ్నం అన్నకు అన్నం వడ్డిస్తూ నవ్వింది.

"అన్నయ్యా, నువ్వు పైపు వేసిన గోడ పక్కన పడుకోబెడితే పసిపిల్లలు ఏడవనే ఏడవరు. ఆ ఉయ్యాలల కోసం తల్లులు పోట్లాడుకుంటున్నారు."

ఆయనా నవ్వాడు. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆసుపత్రిలో పసిపిల్లల గదిలో అటువైపు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఇటువైపు ఎనిమిది ఉయ్యాలల్లో చప్పుడు లేదు. ఎనిమిది ముఖాలూ గోడవైపే తిరిగి ఉన్నాయి. మేస్త్రి గోడమీద అరచెయ్యి ఆనించాడు. జ్వరం వచ్చిన నుదురులా ఉంది. వాసన లేదు, పొగ లేదు, స్విచ్చు పడిపోలేదు. మీటరు తెచ్చి న్యూట్రలుకు తగిలించాడు. కొత్త లైట్లూ కొత్త యంత్రాలూ దాన్ని ఖాళీగా ఉండనివ్వలేదు. ఫేజుతో సమానంగా మోస్తోంది. అంటే లెక్క పన్నెండుకు కట్టాలి. నూట యాభై మాత్రమే మోయగల చోట నూట ఎనభై నడుస్తోంది.

వెళ్లి చెబితే డాక్టరమ్మ నమ్మలేదు.

"మీ పైపు ఇన్నేళ్లలో ఎవరైనా విప్పారా మేస్త్రిగారూ?"

ఆయన పదిమందితో అనిపించుకోవాలనుకునే మాట అదే. ఒక్క క్షణం తియ్యగానే ఉంది. అవునమ్మా, నాదే భ్రమ అనేసి వెళ్లిపోవచ్చు.

"నేనే విప్పుతానమ్మా. తప్పు నాది. ముందు పిల్లల్ని జరిపించండి."

ఉయ్యాలలు జరిగాయి, కరెంటు ఆగింది. పైపు విప్పి లాగితే పన్నెండు తీగలూ ఒక్కటై వచ్చాయి. తొడుగులు కరిగి అతుక్కుపోయి, ఏది ఏదో పోల్చుకోలేకపోయాడు.

అంతకుముందు ఒక బట్టల దుకాణంలోనూ ఇదే లెక్క కట్టాడు. చేతులకు అంటిన నలుపుతోనే అక్కడికి పరుగెత్తాడు. గోడకు వీపు ఆనించుకుని కూర్చున్న ముసలి గుమాస్తా పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రండి మేస్త్రిగారూ, కూర్చోండి. ఈ చలికి ఇక్కడ ఎంత హాయిగా ఉందో."