నీళ్లు పోసేవాళ్లు

ఆ శనివారం ఉదయం ఆరూ పదికి కుళాయిలో నీళ్లు వచ్చాయి. తొట్టి నిండాక మోటారు వేసి మిద్దె మీది డ్రమ్ము నింపాను. శివరాత్రి దాటింది. ఎండలు ముదరక ముందే మిద్దె కడిగి వడియాలు పెట్టాలి. అక్క ఉన్నన్నాళ్లూ ఏ ఏడూ తప్పలేదు. ఆమె లేని మొదటి వేసవి అది. అప్పుడు కూడా తప్పకూడదని అనుకున్నాను.

మా మిద్దె మీద ఎర్ర పెంకులు పరిచి ఉన్నాయి. కార్తీకంలో పడిన తుఫాను వానలకు వాటి మీద నల్లగా పాచి పట్టింది. డ్రమ్ములోంచి బకెట్‌తో ముంచి పోసి, బకెట్ దించి, పొరక అందుకునేలోగా నీళ్లు ఈశాన్యం మూల తూముకు చేరిపోయాయి. దుమ్ము పోయింది. పాచి అట్లాగే ఉంది.

ఆ పని ఇద్దరిది. తిరుపతిలో ఈ ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. నీళ్లు పోసేది నేను, పొరకతో రుద్దేది అక్క. నైరుతి మూల మొదలుపెట్టేది. వంగిన నడుము ఎత్తకుండానే మాట్లాడేది.

"నీళ్లు పొయ్యే. ఆడ ఎండిపోతాంది సూడు."

నేను ఆలస్యం చేస్తే, "పుస్తకం మోసే చేతికి బకెట్టు బరువైపాయనా?" అనేది. నీళ్లు ఎక్కువైతే దానికీ ఒక మాట ఉండేది. "నన్ను గూడా తూములోకి పంపిస్తావా యేమి?"

పక్కింటావిడ వాళ్ల పనిమనిషిని పంపిస్తానంది. "అర్ధగంటలో కడిగి పారేస్తాదక్కా." వద్దన్నాను. అక్క పొరక ఇంకొకరి చేతిలో చూడాలని నాకు లేదు.

సాయంత్రం బజారులో మోటార్లు అమ్మే అంగడికి వెళ్లి, నీళ్లు జోరుగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్లు చూపించమన్నాను.

"కార్లు కడిగేదానికామ్మా?" అన్నాడు అంగడాయన.

"మిద్దెకు."

పెద్ద మిషన్ మీద వేసిన చెయ్యి తీసేశాడు. "అయితే ఇది వద్దులే. దీని దెబ్బకు పెంకుల సందుల్లో సిమెంటు లేచొస్తాది. వానకు ఇల్లు కారితే నన్ను తిట్టుకుంటావు."

మోటారు బాగు చేయించుకోడానికి వచ్చి కూర్చున్న పెద్దాయన ఒకరు నవ్వారు. "నాకు మోటారు అమ్మినపొద్దు ఈ నిజం యాడ పెట్టినావప్పా?"

"నువ్వు టీ తాగు మామా," అని అంగడాయన నా వైపు తిరిగాడు. "నీళ్లు కొట్టే గన్ను పట్టుకునేదెవరమ్మా?"

"నేనే."

"పైపు లాగేదానికి?"

"నేనే."

లోపలికి వెళ్లి చిన్నది ఒకటి తెచ్చాడు. "ఇది తీసుకో. చక్రాలుండాయి, ఒక్కరే లాక్కోవచ్చు. పైపు డ్రమ్ములో ఏస్తే నీళ్లు అదే పీల్చుకుంటాది. పోసేవాళ్లతో పనే లేదు."

వారంటీ ఎన్నాళ్లని అడిగాను. ఏదో చెప్పాడు. అదే తీసుకున్నాను.

ఆదివారం నైరుతి మూల మొదలుపెట్టాను. పాచి పట్టీలు పట్టీలుగా లేచి, కింద పెంకుల ఎరుపు బయటపడింది. మిషన్ చప్పుడు చాలా ఎక్కువ. ఒక వరుస కాగానే గన్ను వదిలి ఆగేదాన్ని. తర్వాత ఎక్కడ పోయాలో అక్క చెప్పే చోటు అది. కాసేపు నిలబడి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. పది గంటలకల్లా మిద్దె అంతా అయిపోయింది. ఇద్దరం కలిసి కడిగినప్పుడు కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

పక్కింటావిడ వాళ్ల మిద్దె మీదినుంచి చూసింది. "యేమక్కా, మిద్దె కొత్తగా ఏయించినట్టుండాదే! ఒడియాలు పెడితే మాకూ ఇయ్యల్ల."

"ఇస్తాను," అన్నాను.

మరునాడు పొద్దున్నే అక్క పాత నూలు చీర మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి వచ్చాను. ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిరపకాయలు వేసి ఎసరు పెట్టాను. ఎసరు మరిగాక బియ్యప్పిండి సన్నగా పోస్తూ ఉండాలి, ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఇక్కడా పోసేది నేనే, తిప్పేది అక్క. పిండి గిన్నె చేతిలోకి తీసుకున్నాక గాని ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

ఎడమ చేత్తో పోస్తూ కుడి చేత్తో తెడ్డు తిప్పాను. పట్టుకునేవాళ్లు లేక స్టవ్ మీది ఎసరు గిన్నె తెడ్డుతో పాటు తిరిగింది. దాన్ని పట్టుకుంటే పిండి పోయడం ఆగింది. ఉండలు కట్టింది. ఒకటి చిదిపి చూస్తే లోపల పొడి పిండి ఉంది. స్టవ్ ఆపేసి పైకి వెళ్లాను. చీర అప్పటికే వేడెక్కింది. ఇటుకలు తీసి, మడిచి, కిందికి తెచ్చాను.

పక్కింటావిడకు ఈ ఏడు వడియాలు లేవని చెప్పాను.

ఇది జరిగి రెండేళ్లయింది. మిషన్ బాగానే పనిచేస్తోంది. శివరాత్రి దాటాక ఏటా మిద్దె కడుగుతాను. ఈ ఇంట్లో ఇప్పుడు వడియాలు పెట్టడం లేదు.