కానుగ నీడ హర్రాజు

బోధన్‌లో లాజరు సారు మళ్ళీ చదువుకుంటున్నాడని తెలియనివాళ్ళు లేరు. ఏం చదువుతున్నాడో మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడు, పాఠం అయిపోగానే బుద్ధిగా ఇంటికి పోవాలా వద్దా? రోజూ సాయంత్రం బస్టాండు పక్కన రఫీక్ నెట్ సెంటర్లో దూరి, తెర మీద కనిపించే తెల్లావిడకు తల ఊపుతూ కూర్చుంటే లోకం ఊరుకుంటుందా? సారు దుబాయి పోతున్నాడని కొందరు, సారుకు మతి పోయిందని మరికొందరు తేల్చేశారు.

అది ఆన్‌లైన్ పీజీ. ఎక్కడో చలిదేశపు యూనివర్సిటీది. సబ్జెక్టు పర్యావరణ ఆర్థికశాస్త్రం. 2008లో బోధన్ నెట్టు సంగతి నేను వేరే చెప్పాలా? వీడియోలో ట్యూటరమ్మ నోరు తెరిచిందంటే, మూసేలోపు సారు బయటికి పోయి చాయ్ తాగి వచ్చేవాడు. కరెంటు పోతే పాపం ఆమె కూడా పోయేది. హెడ్‌ఫోన్లు పాడైపోయి స్పీకర్లు పెట్టడంతో, హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లలు కూడా కాలుష్యం మీద పన్ను వేయడం గురించి ఎంతో కొంత వినాల్సి వచ్చింది.

సారు భార్య శారమ్మకు ఇల్లు, కోళ్ళు, సారు అనే మూడు సంసారాలు. ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది.

"గింతకు నువ్వు సదివేది ఏంది?"

"అంగట్ల అమ్మని దానికి ధర కట్టుడు. గాలి, నీడ, చెర్వు... గిసొంటియి."

"అమ్మనిదానికి ధరెందుకు?"

"ధర లేదంటే విలువ లేదనుకుంటరు జనం. గందుకు."

"మరి నేను చేసే పనికి ఎంత కట్టినవ్?"

అది సిలబస్‌లో లేదని చెప్పి సారు మజ్జిగ పోసుకున్నాడు.

ఇలా సాగుతున్న చదువుకు చివర్లో గండం వచ్చింది. తన ఊళ్ళో అమ్మకానికి లేని ఒకదానికి ధర కట్టి చూపిస్తేనే పట్టా అన్నారు. సరిగ్గా అప్పుడే చర్చి కాంపౌండులో కానుగ చెట్టు కొట్టేద్దామని మాట లేచింది. లేపినవాడు చర్చి సెక్రటరీ ఎర్రయ్య. చెరుకు రైతు, కొత్తగా మోటారుసైకిల్ కొన్నాడు. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చేసరికి కానుగ మీది పిట్టలు దాని సీటు మీద తమ కానుక వేసి ఉంచేవి. చెట్టు తీసేసి రేకుల షెడ్డు వేస్తే అందరి బండ్లూ చల్లగా ఉంటాయని ఆయన వాదన.

ఈ మాట విని లాజరు సారు ప్రాణం ఉసూరుమంది. ఆ కానుగ కిందే ఆయన బి.ఏ. చదివాడు. ఆయన పెళ్ళి భోజనాల బంతి ఆ నీడలోనే సాగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం దాని పక్కన గోడవారగా ఉన్న రాతి బండ మీద ఒక కునుకు తీస్తాడు. అంత కమ్మటి నిద్ర ఆయనకు ఇంట్లో మంచం మీద కూడా పట్టదు. పోయి ఎర్రయ్యను బతిమాలాడు.

"చెట్టు ఏమిస్తది తమ్మీ, పిట్టల రెట్ట తప్ప?" అన్నాడు ఎర్రయ్య. "పెద్ద సదువు సదువుతున్నవ్ గద, దానికి ధర కట్టి సూపెట్టు. షెడ్డు ఖర్చు కన్న ఎక్కువొస్తె నేనే నోర్మూసుకుంట. రాకుంటే, కోత పండుగ కాంగనే గొడ్డలి పెట్టుడే."

ఒక దెబ్బకు రెండు పిట్టలనుకున్నాడు సారు. ట్యూటరమ్మ చెప్పిన పద్ధతి సులువే: ఇల్లిల్లూ తిరిగి 'ఈ నీడ ఉండాలంటే నువ్వు ఎంత ఇస్తావు?' అని అడగాలి. ఆ చలిదేశంలో అలా అడిగితే జనం కూర్చోబెట్టి జవాబు చెబుతారేమో. బోధన్‌లో మనిషి గుమ్మంలో నిలబడి 'ఎంతిస్తవ్' అన్నాడంటే దానికి ఒకటే అర్థం, చందా! వినాయకుడి చందా, ఉర్సు చందా, చర్చి రంగుల చందా ఇచ్చి ఇచ్చి విసిగి ఉన్నారు జనం. నర్సవ్వ సారును కిటికీలోంచి చూసి తలుపేసుకుని, "ఇంట్ల ఎవ్వరు లేరు" అని లోపలినుంచి తానే కేకేసింది. భోజన్న, అడగకముందే "మొన్ననే ఇచ్చిన సారు" అన్నాడు. ఎవరికిచ్చాడో ఆయనకే తెలియాలి. చర్చి గోడకు ఆనుకున్న ఇంట్లో బట్టలు కుట్టే బిల్కిస్ మాత్రం మిషను ఆపి నిలదీసింది.

"నీడకు పైసలా? అల్లా ఊకెనే ఇచ్చిండు. నడుమ మీరెవరు సారూ, రసీదు రాసేటందుకు?"

ఊరంతా తిరిగితే వచ్చిన ధర సున్నా. పుస్తకం ప్రకారం కానుగ నీడకు విలువే లేదు. సారుకు అన్నం సయించలేదు. పట్టా పోతే పోయింది, తన చదువే చెట్టు మీద గొడ్డలి పెట్టేలా ఉంది. అది తట్టుకోలేకపోయాడు.

కోత పండుగ రానే వచ్చింది. మొదటి పంట దేవుడిది. వడ్లు, సొరకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు అన్నీ చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక కాంపౌండులో వాటికి హర్రాజు, అంటే వేలం, పెడతారు. హర్రాజు నడిపేది పేతురు. నిజామాబాద్ పసుపు యార్డులో హమాలీ. ఆ గొంతు విని బస్తాలు తమంతట తామే లేస్తాయంటారు.

ఆ రోజు ఒక దోసకాయ మీద ఎర్రయ్యకూ ఆయన వియ్యంకుడు బాలనర్సయ్యకూ పోటీ పడింది. అంగడిలో కొత్తిమీర కట్టకు అరగంట బేరమాడే బాలనర్సయ్య, దోసకాయకు మేక ధర పెట్టాడు. ఎర్రయ్య మీసం దువ్వి దాన్నీ దాటించాడు. బండ మీద జోగుతున్న లాజరు సారు కళ్ళు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇంటికి పోయి అడిగితే తలుపు వేసుకునే జనం, ఇక్కడ నలుగురి ముందు చెయ్యి దించడం లేదు!

"ఆగు పేతురూ! ఇంకొకటున్నది."

"ఏంది సారూ?"

"నీడ."

జనం గొల్లున నవ్వారు. పాస్టరయ్య కూడా నవ్వాపుకోలేక బైబిలు అడ్డం పెట్టుకున్నాడు. పేతురుకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మడమే అతని పని. ఖాళీ చేతులు పైకెత్తి మొదలుపెట్టాడు.

"సూడుండ్రి, నిఖార్సయిన కానుగ నీడ! పుచ్చు లేదు, తరుగు లేదు! పొద్దటిది ఒకటి, పగటిది ఒకటి, మాపటిది ఒకటి!"

పొద్దటి నీడను నర్సవ్వ కొన్నది, ఇంట్లో ఎవ్వరూ లేరన్న మనిషే. పగటి నీడకు బాలనర్సయ్య చెయ్యెత్తాడు. "మా వియ్యంకుడు బండి పెట్టే జాగ. ఇగ నన్నడిగి పెట్టాలె" అన్నాడు ఆకాశంకేసి చూస్తూ. ఎర్రయ్య భగ్గుమన్నాడు. ఆపైన ఇద్దరినీ ఆపడం ఎవరి తరం కాలేదు. మూడోసారి అని పేతురు అరిచేసరికి, పగటి నీడ ఒక్కటే రేకుల షెడ్డు ఖర్చును దాటిపోయి, ఎర్రయ్య సొత్తయింది. తాను కొట్టేద్దామన్న చెట్టునే కొన్నానని ఆయనకు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాకగానీ తట్టలేదు.

మాపటి నీడ మిగిలింది. రాతి బండ మీద పడే పలచటి నీడ. దానికి ఎవరూ ధర పెట్టలేదు. అంతలో ఆడవాళ్ళ వరసలోంచి శారమ్మ లేచింది. ఏ హర్రాజులోనూ చెయ్యెత్తిన మనిషి కాదు.

"మా ఇంటికాడి నల్లకోడి ఇస్త. గుడ్లు పెట్టేది."

ఆ కోడిని కోయమని సారు ఎన్ని పండుగలకు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. పేతురు మూడుసార్లూ గబగబా అరిచేసి, మాపటి నీడను శారమ్మకు రాసిచ్చాడు.

ఇక ఎర్రయ్య అవస్థ చూడాలి. నీడ ఒకచోట నిలుస్తుందా? అది జరిగినకొద్దీ ఆయన కుర్చీ జరుపుకుంటూ, దారిలో కూర్చున్నవాళ్ళను "నా నీడల కెల్లి లెవ్వుండ్రి" అని తోలుకుంటూ పోయి చివరికి గోడకు తగులుకున్నాడు. నీడ గోడ దాటింది. అవతలినుంచి బిల్కిస్ గొంతు వినిపించింది.

"ఎర్రయ్యన్నా, మీ నీడ మా వాకిట్లకొచ్చింది. కావాల్నంటే ఒచ్చి తీస్కపోండి."

మర్నాడు కమిటీలో షెడ్డు మాట ఎత్తిన వాడి మీద ఎర్రయ్యే లేచాడు. "నేను కొన్న సొమ్ము మీద చెయ్యేసేటోడు ఎవడో రమ్మను!" అన్నాడు. పిట్టల రెట్ట పడకుండా ఇప్పుడు బండి సీటు మీద గోనెసంచి కప్పుకుంటున్నాడు.

సారు అంతా రాసి పంపాడు. ట్యూటరమ్మ రెండు ప్రశ్నలు వేసింది. కోడికి ఏ లెక్కన ధర కట్టారు? వియ్యంకుల పోటీ తీసేస్తే నీడ ధర ఎంత? కోడి ధర కోడి యజమానురాలు చెప్పడం లేదనీ, పోటీ తీసేస్తే మా ఊళ్ళో దేనికీ ధర మిగలదనీ సారు ఉన్నదున్నట్టు జవాబిచ్చాడు. ఏమనుకుందో ఏమో, పాస్ చేసింది. రఫీక్ తానే పాసైనట్టు బస్టాండంతా మిఠాయి పంచాడు.

ఆ ఆదివారం సాయంత్రం పట్టా పొందిన మనిషి గర్వంగా కునుకు తీయడానికి పోతే, బండ మీద శారమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"జర జరుగు" అన్నాడు సారు.

"ఎందుకు జరగాలె? గిది నా నీడ. కోడినిచ్చి కొన్న."

"ఎంతిస్తె కూసోనిస్తవ్?"

"పైసలొద్దు. అప్పుడడిగినదానికి జవాబు చెప్పు. నేను చేసే పనికి ఎంత కట్టినవ్?"

లాజరు సారు చదివిన పద్ధతులన్నీ మనసులో తిరగేశాడు. ఇల్లూ, అన్నమూ, ఎప్పుడో పెళ్ళి బంతిలో ఇదే చెట్టు కింద పక్కన కూర్చుని తన విస్తట్లోని లడ్డూ ఇటు తోసిన పిల్లా గుర్తొచ్చాయి.

"కట్టలేను శారమ్మా. నాతోని కాదు."

శారమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"గంత సదువు సదివి, గిప్పుడు సరిగ్గ చెప్పినవ్" అని కాళ్ళు ముడుచుకుని జరిగింది. మాపటి నీడ పలచన గదా, ఇద్దరికీ సరిపోలేదు. సారు ఎడమ కాలు ఎండలోనే ఉండిపోయింది.