నడుమ పలకలో బొక్క

"ఆ బొక్కలో కట్టె పెట్టినావా, పొట్టు పెట్టినావా?"

"కట్టెనే పెట్టినాను. బండి కాచుకోనుండాది, పోండి."

మా ఆయనకూ నాకూ కడసారి జరిగిన మాట ఇంతే. నేను చెప్పినది అబద్ధం. దాన్నే ముందు రాయి పాపా. నువ్వు నా చెల్లెలి మనవరాలివి, చదువుకున్నదానివి. నాకు చేవ్రాలు తప్ప ఏమొచ్చు?

ఆయన రాజపాళెంలో వడ్రంగం చేసేవారు. యుద్ధానికి ముందు, కొండ మీద ఎస్టేటు దొర ఒకడు, ఉత్తరాన మంచుకొండల్లో జారేదానికి కాళ్ళకు కట్టుకునే నిలువెత్తు పలకలు రెండు కావాలన్నాడు. మంచు మాలో ఎవరు చూసినారు?

"జారేదానికి పలకలెందుకు?" అన్నాను.

"నువ్వు తడి వాకిట్లో ఉత్తగా జారతావు. ఆయన రూకలిచ్చి జారతాడు" అని నవ్వినారు.

పలకంటే ఒకే కట్టె కాదు. నడుమ ఒకటి, దానికి కిందా పైనా పల్చని చెక్కలు పశువుల తోలుతో చేసే వజ్రం బంక కాచి అంటించాలి. నడుమ పలకలో కణుపులు ఊడి బొక్కలుండినాయి, అంచుల్లో పెచ్చులు లేచినాయి. నా వేళ్ళు సన్నమని వాటిని పూడ్చే పని నాకిచ్చినారు. చిన్న గీటుకైతే రంపపు పొట్టు బంకలో కలిపి మెత్తితే చాలు. గోరుకన్నా పెద్ద బొక్కకు మాత్రం అదే కట్టె తునకను, చారలు ఒకే వాటంగా వచ్చేటట్టు చెక్కి దిగగొట్టాలి. పొట్టు ఆరితే కుంగుతాది, లోపల బోలవుతాది, తొక్కితే అక్కడే విరుగుతాది. వందసార్లు చెప్పినారు.

ఆ దినం ఆయన తళవాయిపురం పోయినారు. ముసురు పట్టి బంక చల్లారిపోతా ఉండినాది. తునక చెక్కితే రెండుసార్లూ చిన్నదైపోయినాది. విసుగొచ్చి, బొటనవేలంత బొక్కలో పొట్టే కూరి, పైచెక్క అంటించి బిగించినాను. మూసినాక ఎవరికి కనబడుతాది?

ఆయనకు వినబడినాది. బండికెక్కించేటప్పుడు వేలితో తట్టి, చెవి పెట్టి, అడిగినారు. నిజం చెప్పుంటే పలక దించి, చెక్క ఊడదీసి, నన్ను తిడతా రెండు దినాలు ఇంట్లోనే ఉండుందురు. నమ్మి, పలకలు ఇచ్చేదానికి కొండ మీదికి పోయినారు. కొండజ్వరం పట్టుకుని అక్కడే పోయినారు.

ఆ పలక విరిగినాదో లేదో తెలీదు. దొర మళ్ళీ రానే లేదు. నాకు కావాల్సింది ఆ రెండు దినాల తిట్లు పాపా. "అవి చేతులా, గరిటెలా?" అనేవారు. అట్లా నన్ను అనేదానికి ఇంకెవరుండారు?

సరి, అంతా రాసినావా? నా అబద్ధాన్ని మెత్తగా చేయలేదు కదా? ఏదీ, గట్టిగా చదువు.